గంగాజల నిర్మలత్వం: నమ్మకం, పరీక్ష, సంరక్షణ

గంగానది నీరు ఏళ్ల తరబడి నిలవ ఉన్నా చెడిపోదన్న నమ్మకం భక్తుల మనసులకే పరిమితం కాలేదు. రాజాస్థానాల నీటి ఏర్పాట్లనూ యాత్రికుల ఆచారాలనూ మలచి, చివరకు శాస్త్రజ్ఞుల ప్రయోగశాలకూ చేరింది. ఆ నిర్మలత్వాన్ని గాఢంగా నమ్మినవారే దాన్ని కాపాడడానికి ఎక్కువ శ్రద్ధ వహించారన్నది ఈ చరిత్రలో ప్రధానంగా గమనించదగిన అంశం.

అబుల్ ఫజల్ రచించిన ఐనీ అక్బరీ ప్రకారం, అక్బరు చక్రవర్తి నగరంలో ఉన్నా ప్రయాణంలో ఉన్నా గంగాజలమే తాగేవాడు. ఆయన ఆగ్రాలో, ఫతేపూర్ సిక్రీలో ఉన్నప్పుడు సోరోన్ నుంచి, పంజాబులో ఉన్నప్పుడు హరిద్వారం నుంచి నీరు వచ్చేది. నమ్మకస్తులైన ఉద్యోగులు నది ఒడ్డునే ఉండి, నింపిన కూజాలకు ముద్ర వేసి పంపేవారు. కాశీ వెళ్లిన తెలుగు యాత్రికులు మూత బిగించి అతికించిన చిన్న చెంబులలో గంగను ఇంటికి తెచ్చి, పూజించి, సమారాధన జరిపి, అవసానకాలంలో తులసితీర్థంగా పోయడానికి దాచుకునేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి లండన్ బయలుదేరిన జైపూర్ మహారాజు రెండవ మాధోసింగ్, ఒక్కొక్కటి సుమారు 345 కిలోల బరువున్న భారీ వెండి పాత్రలలో గంగాజలాన్ని ఓడలో వెంట తీసుకుపోయాడు.

ఈ నమ్మకానికి ప్రయోగశాలలో కొంత ఆధారం దొరికింది. ఆగ్రాలో పనిచేసిన బ్రిటిష్ సూక్ష్మజీవశాస్త్రవేత్త ఎర్నెస్ట్ హాన్బరీ హాంకిన్, గంగా యమునల నీటిలో కలరా క్రిములు త్వరగా నశిస్తున్నాయనీ, నీటిని మరిగిస్తే ఆ గుణం పోతున్నదనీ 1896లో పాశ్చర్ సంస్థ పత్రికలో ప్రకటించి, నీటిలోని ఆవిరయ్యే పదార్థమేదో ఇందుకు కారణమని ఊహించాడు. బాక్టీరియాను ఆశ్రయించి వాటిని నశింపజేసే వైరస్‌లను 1917లో ఫెలిక్స్ దెరెల్ బాక్టీరియోఫేజ్‌లని పేర్కొన్న తరువాత, హాంకిన్ చూసినది వాటి ప్రభావమే కావచ్చునని పలువురు భావించారు. అయితే ఒక్కో ఫేజ్ కొన్ని రకాల బాక్టీరియాను మాత్రమే చంపగలదు. రసాయన వ్యర్థాలపై దానికి ఏ శక్తీ లేదు. నీటిలో కరిగిన ప్రాణవాయువు సేంద్రియ మలినాలు విచ్ఛిన్నం కావడానికి తోడ్పడుతుంది గాని, అందుకు ప్రవాహం నిండుగా ఉండాలి, కలిసే మురుగు మితంగా ఉండాలి.

ఈ ప్రవాహం కోసమే హరిద్వారంలో పోరాటం జరిగింది. 1854లో ప్రారంభమైన గంగా కాలువ నదీజలాన్ని మళ్లించగా, ఆ తరువాతి ఆనకట్ట పనులపై మదనమోహన మాలవీయ నాయకత్వాన సాగిన ఉద్యమ ఫలితంగా, ఘాట్ల వద్ద నీరు ఎడతెగక పారేటట్లు 1916లో ఒప్పందం కుదిరింది. కాశీలో సంకటమోచన ఆలయ మహంతుగానూ జలశాస్త్ర ఆచార్యుడిగానూ జీవించిన వీరభద్ర మిశ్రా, 1982లో ఒక సంస్థను స్థాపించి, నదిలో మురుగు కలవకుండా ఆపాలని జీవితాంతం కృషి చేశారు. రోజూ గంగలో మునిగే భక్తుడే ఆ నీటిని పరీక్షకు పెట్టి, మలినమైందని బహిరంగంగా చెప్పగలగడం ఆయన విశ్వాసానికున్న బలాన్ని చాటుతుంది; గంగను నిజంగా పూజించేవారికి అంతటి బాధ్యత తప్పదు.