మోటారుబండి కంటి పొర

వయసు మళ్ళిన కంటికి శుక్లము కమ్మినట్లే, కొంతకాలము తిరిగిన కారు ముందు దీపములకును ఒక పొర కమ్మును. కొన్ననాడు స్ఫటికమువలె నిగనిగలాడిన దీపము అయిదారేండ్లు గడచునప్పటికి పచ్చబారి, పొగచూరినట్లు కనబడును. భీమవరము వంటి ఊళ్ళలో ఇది అందమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. అచ్చటి దారులలో పెక్కింటికి ఒక ప్రక్క పంటకాలువ, మరొక ప్రక్క చేపల చెరువు ఉండుట పరిపాటి. చీకటిరాత్రి మలుపు దగ్గర గట్టు అంచు సకాలములో కనబడుట ఆ దీపముపైననే ఆధారపడియుండును. పాత కార్లు అంతగా ఎరుగని ఈ జబ్బు కొత్త కార్లకు ఎట్లు వచ్చినది? దీనికి సమాధానము దీపముల చరిత్రలోనే కలదు.

తొలినాటి మోటారుబండ్లకు నూనె దీపములు, ఎసిటిలీన్ దీపములు ఉండెడివి. కాల్షియం కార్బైడుపై నీటిబొట్లు పడినచో ఎసిటిలీన్ వాయువు పుట్టును. మామిడికాయలను మగ్గబెట్టుటకు వర్తకులు వాడగా ప్రభుత్వము నిషేధించిన కార్బైడు ఇదియే. 1908లో అమెరికాలోని పీర్‌లెస్ కంపెనీ తన కార్లకు విద్యుద్దీపములను అమర్చెను. 1912లో కాడిలాక్ కారుకు స్టార్టరును, దీపములను కలిపిన విద్యుత్ ఏర్పాటు వచ్చెను. 1940 నుండి అమెరికాలో తీగ, అద్దము, ముందరి గాజు అన్నియు ఒకటిగా మూసివేసిన ‘సీల్డ్ బీమ్’ దీపము నియమమయ్యెను. మన దేశములో 2014 వరకు తయారైన అంబాసిడరు కారు గుండ్రని దీపములు చాలమందికి గుర్తుండును. గాజునకు ముఖ్య ద్రవ్యము ఇసుకలోని సిలికా. ఎండ దాని అణుబంధములను చెదరగొట్టజాలదు. రాయి తగిలిన గాజు పగులునే గాని, ఎండకు పచ్చబారదు.

ఇంతలో రసాయనశాలలో మరొక కథ నడచుచుండెను. 1898లో ఆల్‌ఫ్రెడ్ ఐన్‌హార్న్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పాలికార్బొనేటు అను పదార్థమును కనుగొనెను గాని, అర్ధశతాబ్దము పాటు దానిని పట్టించుకొన్నవారు లేరు. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీకి చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన డేనియల్ ఫాక్స్ ఒకరి సంగతి ఒకరికి తెలియకయే దీనిని మరల తయారుచేసిరి. విద్యుత్తీగల తొడుగునకు పనికివచ్చు పదార్థమును వెదకుచున్న ఫాక్స్, కలుపు కడ్డీ చుట్టును గట్టిపడిన ముద్దను పగులగొట్టజాలకపోయెను! ఇది గాజు బరువులో సగమైనను లేదు. కరగించి ఏ ఆకారమునకైనను పోతపోయవచ్చును.

1973లో పెట్రోలియము ధరలు ఆకాశమునంటగా, తేలికగా నుండి గాలిని సులువుగా చీల్చుకొనిపోవు కార్ల అవసరము కలిగెను. 1983లో అమెరికా తన దీపముల నియమములను సడలించెను. 1984 నమూనా లింకన్ మార్క్ 7 కారు ఆకారమునకు తగినట్లు మలచిన దీపములతో వచ్చెను. తరువాత ఈ పద్ధతి ప్రపంచమంతట వ్యాపించెను.

అయితే ప్లాస్టిక్కునకు శత్రువు సూర్యుడే. ఎండలోని అతినీలలోహిత కిరణములు పాలికార్బొనేటు అణువుల గొలుసులను తెంచి, పచ్చని పదార్థములను పుట్టించును. పిమ్మట ఉపరితలముపై సన్నని నెర్రెలు ఏర్పడును. తయారీదారులు ఇది ఎరిగినవారే. అందుచేత ఆ కిరణములను పీల్చుకొను రక్షకపూతను వెంట్రుకకంటె పలుచగా పూయుదురు. ఎండ, వాన, దుమ్ము ఆ పూతను క్రమముగా అరుగదీయును. భీమవరము ఉత్తరమున సుమారు 16½ డిగ్రీల అక్షాంశముపై ఉన్నది. మే ఆరంభములోను, ఆగస్టు ఆరంభములోను మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి వచ్చును. ఆరుబయట నిలిపిన కారునకు ఈ జబ్బు త్వరగా పట్టుటలో వింతలేదు.

దీని ఫలితమెంత? 2018లో అమెరికా మోటారువాహనదారుల సంఘమైన ఎ.ఎ.ఎ. జరిపిన పరీక్షలలో, మసకబారిన దీపములు కొత్తవాటి వెలుతురులో 22 శాతమే ఇచ్చినవి. మెరుగుపెట్టిన పిమ్మట సుమారు 70 శాతము ఇచ్చినవి. దూరము రెట్టింపైన వెలుతురు నాలుగవ వంతగును. ఈ లెక్కను బట్టి, కొత్త దీపము 100 మీటర్ల దూరమున చూపిన ఎద్దుబండిని మసక దీపము సుమారు 47 మీటర్లకు వచ్చినప్పుడే అంత స్పష్టముగా చూపును. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు కారు సెకనుకు 17 మీటర్లు కదలును. తోలువాడు కాలు బ్రేకుపై పెట్టునప్పటికే 17 మీటర్లు పోవచ్చును.

ఈ పొరను తొలగించు సూత్రము ప్రాచీనమైనది. గరుకు ఉపరితలము కాంతిని చెల్లాచెదరు చేయును. మెరుగుపెట్టుట అనగా గీతలను కంటికి కనబడనంత సన్నము చేయుటయే అని న్యూటను 1704 నాటి ‘ఆప్టిక్స్’ గ్రంథములో వివరించెను. దీపముపై నీరు చల్లినప్పుడు అది క్షణకాలము తేటపడినచో, నీరు గీతలను నింపినదన్నమాట. అట్టి దీపమునకు చికిత్స ఫలించును.

దీపమును సబ్బునీటితో కడిగి, చుట్టునున్న రంగునకు టేపు అంటింపవలెను. పెయింటర్లు వాడు వాటర్ పేపరును తడిపి, మొదట 800 నంబరు, తరువాత 1500, 2000, 3000 నంబర్లతో వరుసగా రుద్దవలెను. ప్రతి దశలోను రుద్దు దిక్కును మార్చినచో, మునుపటి గీతలు పోయినదియు లేనిదియు తెలియును. చివర పాలిషుతో మెత్తని గుడ్డ పట్టవలెను. పండ్లపొడి, టూత్‌పేస్టు మెరుగు కొలది దినములదే. దోమల మందు పూసిన తక్షణము తేటపడును గాని, అది ప్లాస్టిక్కునే కరగించి చెరచును. అసిటోను తగిలిన నెర్రెలు విచ్చును. పొర లోపలి వైపున ఉన్నను, నెర్రెలు లోతుగా ఉన్నను దీపమును మార్చుటయే మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది చివరి పని. రుద్దుటతో పాతపూత పూర్తిగా పోవును. అతినీలలోహిత కిరణములను అడ్డగించు పారదర్శకమైన పూతను మరల వేయనిచో, కొలది నెలలలోనే పొర తిరిగి వచ్చును. చాలమంది పొరపడునది ఇచ్చటనే: మెరుపు కనబడగానే పని ముగిసినదనుకొందురు. గాజునకు ఎండనుండి కాపు అక్కరలేదు; ప్లాస్టిక్కునకు ఆ కాపు ఎన్నటికిని తప్పదు.