ఇంటి వాకిట్లో మెకానిక్ షెడ్డు

1900ల తొలినాళ్లలో అమెరికాలో కారు కొన్నవాడు దానితోపాటు ఒక మనిషిని కూడా కొలువులో పెట్టుకోవలసి వచ్చేది. ఆ మనిషి బండి నడపడంతో సరిపెట్టేవాడు కాదు. ఇంజను విప్పి బిగించడం, టైరుకు పంక్చరు వేయడం, కార్బొరేటర్ శుభ్రం చేయడం, రాత్రికి బండి కడిగి షెడ్డులో పెట్టడం అన్నీ అతని పనే. షోఫర్ అని పిలిచే ఈ ఉద్యోగికి బండి గురించి యజమాని కంటే ఎక్కువ తెలుసు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. గ్యారేజీవాళ్లతో కుమ్మక్కై కమీషన్లు తింటున్నాడనీ, యజమాని నిద్రపోయాక స్నేహితులను ఎక్కించుకుని ఊరంతా తిరుగుతున్నాడనీ ఫిర్యాదులు పెరిగిపోయి, చివరికి ఈ గొడవకు 'షోఫర్ సమస్య' అన్న పేరే స్థిరపడింది. చరిత్రకారుడు కెవిన్ బోర్గ్ 2007లో వెలువరించిన 'ఆటో మెకానిక్స్' పుస్తకంలో ఈ ఘట్టానికి మంచి చోటే దక్కింది.

మన ఊళ్లలో అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్ల కాలం చూసినవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తేమీ కాదు. బండి మొరాయిస్తే డ్రైవరు చూసుకుంటాడు. అతని వల్ల కాకపోతే విజయవాడ ఆటోనగర్‌కో, దగ్గర్లోని షెడ్డుకో తోలుకుపోతాడు. యజమాని చేతికి గ్రీజు అంటదు. అమెరికాలో మాత్రం ఇరవై ఏళ్లు తిరక్కుండానే ఆ పద్ధతి తలకిందులైంది. సొంతదారే పానా పట్టుకుని కారు కిందికి దూరాడు. అమెరికన్లు పుట్టుకతోనే పనిమంతులు కాబట్టి ఇలా జరిగిందంటే చరిత్రను మరీ తేలిక చేసినట్టే. కారు చౌకగా దొరకాలి, విడిభాగం ఇంటికి చేరాలి, దాన్ని ఎలా బిగించాలో ఎవరైనా రాసి పెట్టాలి. ఈ మూడూ ఒక్కొక్కటిగా సమకూరాయి. వాటిలో ఏది చేజారబోయినా జనం పట్టుబట్టి నిలబెట్టుకున్నారు.

మొదటిది మోడల్ టీ తెచ్చింది. 1908 అక్టోబరులో ఫోర్డ్ కంపెనీ దాన్ని 850 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అసెంబ్లీ లైను వచ్చాక ధర దిగుతూ దిగుతూ, 1925 నాటికి రెండు సీట్ల రనబౌట్ 260 డాలర్లకే దొరికింది. 1927లో తయారీ ఆపేసేసరికి కోటీ యాభై లక్షల బళ్లు రోడ్డెక్కాయి. కొన్నవాళ్లలో రైతులు చాలామంది. ఊరికి మైళ్ల దూరాన, పొలం మధ్యలో ఇల్లు. కోత యంత్రాన్ని తామే బాగుచేసుకునే అలవాటున్న ఆ చేతులకు నాలుగు సిలిండర్ల, ఇరవై హార్స్‌పవర్ ఇంజను భయం కలిగించలేదు. బండితోపాటు కంపెనీ కాసిని పనిముట్లు, ప్రశ్నలూ జవాబుల రూపంలో ఉన్న ఒక చిన్న పుస్తకం ఇచ్చేది. సిలిండర్లలో పేరుకున్న మసి గీకడం, ప్లగ్గు పరీక్షించడం, గేర్ల బ్యాండ్లు బిగించడం లాంటివి రైతుకు అర్థమయ్యే మాటల్లో అందులో ఉండేవి.

ఆ బండికి దాని తిక్కలు దానికున్నాయి. పెట్రోలు ట్యాంకు సీటు కింద ఉండేది, పంపు లేదు. ఇంధనం తన బరువుకు తానే జారి ఇంజనుకు చేరాలి. ట్యాంకులో పెట్రోలు తక్కువున్నప్పుడు నిటారు గుట్ట ఎదురైతే ఇంజను ఆగిపోయేది. అందుకని బండిని వెనక్కి తిప్పి, రివర్సులో గుట్ట ఎక్కించేవారు. ఇక వెనక చక్రాన్ని జాకీతో లేపి బెల్టు తగిలిస్తే, అదే కారు కట్టెలు కోసే రంపాన్ని, మొక్కజొన్న ఒలిచే యంత్రాన్ని, బట్టలుతికే యంత్రాన్ని కూడా తిప్పేది. న్యూహ్యాంప్‌షైర్ రాష్ట్రంలోని వెస్ట్ ఒసిపీలో వర్జిల్ వైట్ అనే ఫోర్డ్ డీలరు మరో అడుగు ముందుకేశాడు. ముందు చక్రాల చోట స్కీలు, వెనక గొలుసు పట్టాలు బిగిస్తే మోడల్ టీ మంచు మీద నడిచేలా చేసి, ఆ సామానును 'స్నోమొబైల్' పేరుతో అమ్మాడు. రొనాల్డ్ క్లైన్, ట్రెవర్ పించ్ అనే పరిశోధకులు 1996లో రాసిన ఒక వ్యాసం ఈ రైతుల గురించే. కారు ఎందుకు పనికొస్తుందో కంపెనీ ఒక్కటే తేల్చలేదని, వాడినవాళ్లు కూడా తేల్చారని వారి వాదన. అది ముమ్మాటికీ నిజం.

విడిభాగాల కథ 1909లో కాన్సస్ సిటీలో మొదలైంది. జార్జ్ పెపర్‌డైన్ అనే యువకుడు అయిదు డాలర్ల తపాలా బిళ్లలు కొని, కారు యజమానులకు ఉత్తరాలు రాసి, వెస్టర్న్ ఆటో వ్యాపారం ప్రారంభించాడు. మోడల్ టీలో లేనివీ, విరిగేవీ ఏవైనా సరే, కేటలాగులో చూసి రాస్తే పోస్టులో వచ్చేవి. ఆ సంపాదనతోనే ఆయన 1937లో లాస్ ఏంజెలెస్‌లో పెట్టిన కళాశాల నేటి పెపర్‌డైన్ యూనివర్సిటీ. 1921లో ఫిలడెల్ఫియాలో పెప్ బాయ్స్ విడిభాగాల దుకాణం వెలిసింది.

ఇదంతా మగవాళ్ల వ్యవహారమన్న అభిప్రాయం తర్వాత అంటించినది. 1909 జూన్ 9న న్యూజెర్సీకి చెందిన ఆలిస్ రామ్సే, 22 ఏళ్ల వయసులో, న్యూయార్క్ నుంచి మ్యాక్స్‌వెల్ కారులో బయల్దేరి 59 రోజుల్లో శాన్ ఫ్రాన్సిస్కో చేరింది. తోడు వచ్చిన ముగ్గురు ఆడవాళ్లలో ఎవరికీ డ్రైవింగ్ రాదు. 3,800 మైళ్ల దారిలో గట్టి రోడ్డు ఉన్నది 152 మైళ్లే. పదకొండు టైర్లు మార్చింది, ప్లగ్గులు తోమింది, విరిగిన బ్రేకు పెడల్‌ను బాగుచేసింది. రేడియేటర్ ఎండిపోతే టూత్‌బ్రష్‌లు పెట్టుకునే గాజు గొట్టాలతో కాలవ నీళ్లు మోసి పోశారు. మూడేళ్ల తర్వాత 1912 కాడిలాక్‌లో చార్ల్స్ కెటరింగ్ రూపొందించిన ఎలక్ట్రిక్ స్టార్టర్ వచ్చింది. చేతులు విరగ్గొట్టే హ్యాండిలు పీడ ఆడామగా అందరికీ వదిలింది. ప్రకటనలు మాత్రం దాన్ని ఆడవాళ్ల సౌకర్యంగానే చూపించి, బానెట్ ఎత్తడం వాళ్ల పని కాదన్న భావన పెంచాయి. రామ్సేను చూశాక ఆ భావనకు నిలువ నీడ ఉండకూడదు. అయినా అది దశాబ్దాలు బతికింది.

పాత కారుకు కొత్త హంగులు చేర్చడం కూడా ఇంటి పట్టునే మొదలైంది. 1930లో పాల్ గాల్విన్ తన స్టుడిబేకర్ కారులో రేడియో బిగించి, షికాగో నుంచి అట్లాంటిక్ సిటీలో జరుగుతున్న రేడియో తయారీదారుల సభకు తీసుకెళ్లి వినిపించాడు. ఆ రేడియో పేరు మోటరోలా, కంపెనీ పేరు కూడా తర్వాత అదే అయింది. 1950లలో జాగ్రత్తపరులు సీటు బెల్టులు కొని, కారు ఫ్లోరుకు బోల్టులు దిగ్గొట్టి బిగించుకునేవారు. కొత్త కార్లన్నిటికీ అవి తప్పనిసరి అయింది 1968లో.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఇంటి మరమ్మతు సరదా కాదు, అవసరమైంది. 1942 ఫిబ్రవరిలో సాధారణ ప్రజల కోసం కార్ల తయారీ ఆగిపోయింది. టైర్లకు అంతకు నెల ముందే రేషన్ పెట్టారు, ఏడాది చివరికి పెట్రోలుకూ దేశమంతా రేషన్ వచ్చింది. రబ్బరు ఆదా కోసం వేగ పరిమితి గంటకు 35 మైళ్లు. ఉన్న కారు యుద్ధం ముగిసేదాకా నడవాలి, వేరే దారి లేదు. చేతిపని రానివాళ్లు కూడా నేర్చుకున్నది ఆ నాలుగేళ్లలోనే.

నల్లజాతి కుటుంబాలకు ఈ అవసరం యుద్ధంతో రాలేదు, యుద్ధంతో పోలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో చీకటిపడ్డాక దారిలో కారు ఆగిపోతే ప్రాణాపాయం. ఏ గ్యారేజీ తలుపు తీస్తుందో, ఏది మొహం మీద వేస్తుందో తెలియదు. హార్లెమ్‌కు చెందిన పోస్టుమాన్ విక్టర్ గ్రీన్ 1936 నుంచి వెలువరించిన 'గ్రీన్ బుక్'లో హోటళ్లు, భోజనశాలలతోపాటు తమవాళ్లకు పని చేసిపెట్టే గ్యారేజీలు, పెట్రోలు బంకుల చిరునామాలూ ఉండేవి. బయల్దేరే ముందు బండిని క్షుణ్ణంగా చూసుకోవడం, డిక్కీలో అదనపు పెట్రోలు డబ్బా పెట్టుకోవడం ఆ కుటుంబాల్లో ప్రయాణానికి తొలిమెట్టు. అమెరికా గ్యారేజీ చరిత్ర చెప్పేవాళ్లు వేగాన్ని, స్వేచ్ఛను తలుచుకున్నంతగా ఈ భయాన్ని తలుచుకోరు. తలుచుకోవాలి.

వేగం మాటకొస్తే, అది దక్షిణ కాలిఫోర్నియా ఎండిన సరస్సుల్లో పుట్టింది. పాత ఫోర్డుల బరువు తగ్గించి, 1932లో వచ్చిన వీ8 ఇంజను దిగ్గొట్టి పందేలు కాసే కుర్రాళ్లు 1937లో సంఘం పెట్టుకున్నారు. 1948 జనవరిలో రాబర్ట్ పీటర్సన్ 'హాట్ రాడ్' పత్రిక తెచ్చాడు. అదే రాష్ట్రంలో మెక్సికన్ అమెరికన్ యువకుల అభిరుచి దీనికి పూర్తిగా ఎదురు. కుటుంబం వాడి వదిలేసిన షెవ్రొలే కారును నేలకు తాకేంత కిందికి దించి, రంగులద్ది, ఊరేగింపులా నెమ్మదిగా నడిపేవారు. చక్రం రిమ్ము అంచుకన్నా కిందికి కారు దిగకూడదని 1950ల చివర్లో చట్టం వచ్చింది. దానికి జవాబుగా రాన్ అగీరీ విమానాల పాత సామాన్లలోంచి హైడ్రాలిక్ పంపులు తెచ్చి తన కారుకు బిగించాడు. స్విచ్చి నొక్కితే లేస్తుంది, పోలీసు వెళ్లాక మళ్లీ దిగుతుంది. లోరైడర్లని పేరుపడ్డ ఇలాంటి కార్ల నెమ్మది ఊరేగింపులను నగరాలు నిషేధించే అధికారాన్ని కాలిఫోర్నియా 2023లో చేసిన చట్టం తీసేసింది.

1960ల చివరికి రాసిపెట్టిన జ్ఞానం కూడా గ్యారేజీ గోడ దాటింది. చిల్టన్ మరమ్మతు మాన్యువళ్లు మెకానిక్‌లతోపాటు ఇళ్లలోనూ కనిపించేవి. 1969లో జాన్ మ్యూర్ అనే ఇంజనీరు న్యూమెక్సికోలో ఫోక్స్‌వ్యాగన్ మరమ్మతు గురించి ఒక పుస్తకం సొంతంగా అచ్చు వేశాడు. ఏమీ తెలియనివాడి పక్కన కూర్చుని ఓపికగా చెప్పే గొంతు అది. పీటర్ ఆష్‌వాండెన్ బొమ్మలు చూస్తే స్క్రూ ఎటు తిప్పాలో కళ్లకు కట్టినట్టుండేది. లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 1973లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో టామ్, రే మాలియాట్జీ సోదరులు, ఇద్దరూ ఎంఐటీలో చదివినవాళ్లే, చోటూ పనిముట్లూ అద్దెకిచ్చే షెడ్డు తెరిచారు. ఎవరి కారు వాళ్లే బాగుచేసుకోవచ్చు. అది తర్వాత మామూలు గ్యారేజీగా మారింది. అన్నదమ్ములిద్దరూ 'కార్ టాక్' రేడియో కార్యక్రమంతో దేశమంతటికీ ఇంటి మెకానిక్‌లయ్యారు.

ఇంతలో బానెట్ కింద లోకం మారిపోయింది. 1970 స్వచ్ఛ వాయు చట్టం ఫలితంగా 1975 మోడళ్లకు కెటలిటిక్ కన్వర్టర్లు వచ్చాయి. పాయింట్ల చోట ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, కార్బొరేటర్ చోట ఫ్యూయల్ ఇంజెక్షన్ చేరాయి. చెవితో విని, స్క్రూడ్రైవర్‌తో సరిచేసే రోజులు పోయాయని చాలామంది దిగాలుపడ్డారు. నిజానికి ఆ మార్పే కారు ఆయుష్షు పెంచింది. సీసం లేని పెట్రోలుతో ప్లగ్గులు, సైలెన్సర్లు ఎక్కువ కాలం మన్నాయి. జింకు పూత వేసిన రేకు తుప్పును ఆపింది. 1970లో అమెరికా కారు సగటు వయసు ఆరేళ్లు కూడా లేదు. 2024లో కార్లు, చిన్న ట్రక్కులు కలిపి చూస్తే అది 12.6 ఏళ్లు. లాంగ్ ఐలండ్ సైన్సు టీచరు ఇర్వ్ గోర్డన్ 1966లో కొన్న వోల్వోను, కంపెనీ చెప్పిన గడువుల ప్రకారం సంరక్షిస్తూ, 2013లో 30 లక్షల మైళ్లు దాటించాడు.

1996 నుంచి ప్రతి కొత్త కారుకూ డ్యాష్‌బోర్డు కింద ఒకే రకం సాకెట్ ఉండాలన్న నిబంధన వచ్చింది. చవకైన రీడర్ తగిలిస్తే చాలు, తప్పెక్కడో కారే కోడ్ రూపంలో చెబుతుంది. పీ0301 అంటే మొదటి సిలిండర్ సరిగా మండడం లేదని. పొగను అదుపు చేయడానికి ప్రభుత్వం పెట్టించిన సాకెట్ ఇంటి మెకానిక్‌కు దారి తెరిచింది. కానీ అన్ని తాళాలూ ఆ సాకెట్‌తో రాలేదు. కంపెనీలు తమ డీలర్లకిచ్చే సమాచారాన్ని బయటి షెడ్లకూ యజమానులకూ ఇవ్వాలంటూ 2012లో మసాచుసెట్స్ ఓటర్లు నూటికి 85 మందికి పైగా తీర్పు చెప్పారు. 2014లో కంపెనీలు దేశమంతటికీ వర్తించే ఒప్పందానికి దిగివచ్చాయి. కారు నుంచి నేరుగా కంపెనీకి గాల్లో వెళ్లే సమాచారం అందులోకి రాలేదు. దాని కోసం 2020లో మళ్లీ ఓటు వేసి గెలిస్తే, తయారీదారులు కోర్టుకెక్కారు.

అమెరికాలో చదువుకు దిగే తెలుగు పిల్లలు ఈ చరిత్ర మధ్యలోకి వచ్చి పడుతున్నారు. మొదటి కారు సాధారణంగా సెకండ్ హ్యాండ్ కొరోలానో, కామ్రీనో, సివిక్కో. షెడ్డులో మెకానిక్ గంట కూలీ వంద డాలర్లు దాటే చోట బ్రేకు ప్యాడ్లు మార్చడం తామే నేర్చుకుంటారు. ఊళ్లో ఇంట్లో పానా ముట్టని పిల్లలు కూడా గ్లోవ్ బాక్స్ వెనక ఉండే ఏసీ ఫిల్టర్ తీసి చూస్తారు. విడిభాగాల దుకాణం డిపాజిట్ మీద పనిముట్లు ఇస్తుంది, వాపసు చేస్తే డబ్బు తిరిగొస్తుంది. అపార్ట్‌మెంట్ పార్కింగులో మరమ్మతులు కూడదని లీజులో రాసి ఉండడం మామూలే. అందుకే సొంతిల్లున్న అన్నయ్య గ్యారేజీకి శనివారాలు అంత గిరాకీ. వెనక చూపే కెమెరా కొత్త కార్లకు తప్పనిసరి అయింది 2018 మేలో. అంతకు ముందటి కామ్రీలకు నంబరు ప్లేటు పైన కెమెరా బిగించి, రివర్సు లైటు వైరు నుంచి కరెంటు తీసుకుని, పాత స్టీరియో చోట తెర పెట్టుకుంటున్నారు.

ఇప్పుడు నేర్వవలసిన కొత్త పని పాత ప్రియస్ హైబ్రిడ్ కార్లది. 2004 నుంచి 2009 వరకు వచ్చిన ప్రియస్‌లో బ్యాటరీ 28 మాడ్యూళ్ల సమూహం, మొత్తం 201.6 వోల్టులు. సమూహం బలహీనపడితే కొత్తది కొనడం ఖరీదు. అందుకని వెనక సీటు విప్పి, నారింజ రంగు కేబుళ్లకు దూరంగా ఉంటూ, సర్వీసు ప్లగ్గు లాగేసి, కెపాసిటర్లలో కరెంటు దిగేదాకా ఆగి, ఒక్కో మాడ్యూలును వోల్ట్‌మీటర్‌తో పరీక్షిస్తున్నారు. చేతికి కరెంటు సోకని రబ్బరు తొడుగులు ఉండాల్సిందే. చచ్చిన మాడ్యూళ్లను మార్చి, రాగి పట్టీలకు పట్టిన పచ్చని చిలుమును గీకి, బోల్టులను కొలిచిన బలంతో బిగిస్తే, పదిహేనేళ్లు దాటిన కారు మళ్లీ రోడ్డెక్కుతోంది.