మీ వీధిలో చెట్టు తీసేస్తున్నారా? నరకకుండా తరలించొచ్చు.. ఎలాగంటే?

రోజూ మీరు బండి ఆపుకునే చెట్టు మొదలుకి ఓ ఉదయం ఎర్ర రంగుతో నంబరు వేసి ఉంది. ఫ్లైఓవర్ కోసమో, రోడ్డు వెడల్పు కోసమో దాన్ని తీసేస్తున్నారని తెలిసింది. అలాంటప్పుడు నరకడం ఒక్కటే దారి కాదు. వేళ్లతో సహా తీసి మరోచోట నాటే పద్ధతి ఉంది. దీన్నే ట్రీ ట్రాన్స్‌లొకేషన్ అంటారు. హైదరాబాద్ మెట్రో పనుల్లోనూ చాలా చెట్లను ఇలాగే తరలించారు.

ఎలా తరలిస్తారు?

ముందుగా కొమ్మలు కత్తిరిస్తారు. ఆకులు తగ్గితే చెట్టుకు నీటి అవసరం తగ్గుతుంది. తర్వాత మొదలు చుట్టూ కందకం తవ్వి, పక్క వేళ్లు కోసి, కొత్త పిల్లవేళ్లు రావడానికి కొన్నాళ్లు ఆగుతారు. ఆ తర్వాత వేళ్ల చుట్టూ ఉన్న మట్టి ముద్ద విడిపోకుండా గోనెపట్టా చుట్టి, క్రేన్‌తో లేపి ట్రెయిలర్‌పై తీసుకెళ్తారు. కొత్తచోట గొయ్యి ముందే సిద్ధంగా ఉండాలి. మట్టి, ఎరువు వేసి నాటాక గాలికి ఒరగకుండా ఊతకర్రలు కడతారు. ఇందుకు వానాకాలం అనుకూలం, నడి ఎండాకాలం అస్సలు పనికిరాదు.

ఏ చెట్లు బతుకుతాయి?

మర్రి, రావి, జువ్వి, మేడి త్వరగా నిలదొక్కుకుంటాయి. 2022లో రాజన్న సిరిసిల్ల జిల్లా సుద్దాలలో వానలకు కూలిన దాదాపు 70 ఏళ్ల మర్రిని క్రేన్లతో తరలించి మళ్లీ నాటారు. తల్లివేరు లోతుగా దిగే చెట్లు, బాగా ముదిరినవి, తొర్ర పడినవి మాత్రం తట్టుకోవడం కష్టం.

నాటితే బతికినట్టేనా?

కాదు. అసలు సమస్య ఇక్కడే. ఢిల్లీ 2020లో చెట్ల తరలింపు విధానం తెచ్చింది. నాటిన ఏడాదికి కనీసం 80 శాతం చెట్లు బతికి ఉండాలని అందులో నిబంధన పెట్టింది. కానీ 2022లో అక్కడి హైకోర్టుకు ప్రభుత్వమిచ్చిన లెక్క ప్రకారం తరలించిన 16,461 చెట్లలో బతికినవి 33.33 శాతమే. అంటే మూడింట రెండు వంతులు పోయాయి. క్రేన్ వచ్చిన రోజు ఫొటోలు తీసుకుంటాం. ఆ తర్వాత నీళ్లు పోసేవాళ్లు లేకపోతే అదీ నరికినట్టే లెక్క. కొమ్మలకు చిగుళ్లు వచ్చినా తొందరపడొద్దు. కాండంలో దాచుకున్న శక్తితోనూ చిగురిస్తాయి. వేళ్లు కుదురుకున్నాయా లేదా అన్నది తర్వాతి వేసవి దాటితే కానీ తెలియదు.

అందుకే తరలింపును చివరి మార్గంగానే చూడాలి. హైదరాబాద్ – బీజాపూర్ రహదారి విస్తరణలో చేవెళ్ల మర్రిచెట్ల కోసం స్థానికులు, పర్యావరణ ప్రేమికులు ఏళ్ల తరబడి పోరాడారు. విషయం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. చివరికి ఎక్కువ చెట్లు ఉన్నచోటే ఉండేలా రోడ్డు డిజైన్ మార్చారు.

మీరేం చేయొచ్చు?

* అనుమతి అడగండి: తెలుగు రాష్ట్రాల్లో చెట్లు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. పని చేస్తున్నవాళ్లను ఆ కాగితం చూపించమనండి. లేదంటే వెంటనే అటవీ శాఖకు, మున్సిపాలిటీకి ఫిర్యాదు చేయండి.
* ఫొటోలు తీయండి: చెట్టు, దానిపై నంబరు, లొకేషన్, తేదీ కనిపించేలా తీసి దాచుకోండి. చెట్టు పోయాక ఆధారం దొరకదు.
* సమాచారం కోరండి: సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు చేయండి. ఎన్ని చెట్లు తరలించారు, ఎక్కడ నాటారు, సంరక్షణ ఎవరిది, ఎన్నాళ్లు, ఇప్పుడు ఎన్ని బతికున్నాయి అని అడగండి. 30 రోజుల్లో జవాబు రావాలి.
* వెళ్లి చూడండి: కొత్తచోటు దగ్గరైతే నెలకోసారి వెళ్లండి. పాదు ఎండిపోయినా, ఊతకర్ర పడిపోయినా ఫొటోతో సహా తెలియజేయండి.

చెట్టును లేపడానికి ఒక్కరోజు చాలు. బతికించడానికి కనీసం రెండు వేసవులు కనిపెట్టుకుని ఉండాలి. అధికారులను అడగాల్సింది ఆ రెండు వేసవుల గురించే.