మోకాలిలోకి చిన్న దారి

1918లో టోక్యోలో కెంజి తకాగి అనే ఎముకల వైద్యుడు మూత్రాశయం లోపల చూడటానికి వాడే గొట్టాన్ని ఒక మృతదేహం మోకాలిలోకి దూర్చి చూశాడు. ఆయన్ని వేధించింది అరుగుదల కాదు, క్షయ. ఆ రోజుల్లో క్షయ మోకాలికి సోకిందంటే కీలు బిగుసుకుపోయేది. నేలమీదే కూర్చుని, నేలమీదే భోంచేసే జపాన్‌లో మోకాలు ముడవలేని మనిషికి సగం బతుకు పోయినట్టే. విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చునే అలవాటున్న మనకు ఆ బాధ విడమరిచి చెప్పక్కర్లేదు. కీలు బిగుసుకోకముందే, దాన్ని కోసి తెరవకుండానే లోపలేం జరుగుతోందో చూడాలన్నది తకాగి తపన.

ఆయన శిష్యుడు మసాకి వతనబే చేతుల్లో ఆ పరికరం 21వ నమూనా దాకా వచ్చింది. 1950ల చివర్లో తయారైన ఆ ఆర్థ్రోస్కోప్ కొనకు ఒక చిన్న బల్బు ఉండేది. 1962లో వతనబే ఆర్థ్రోస్కోపీ ద్వారానే చిరిగిన మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త) ముక్కను తీసేశాడు. 1964 ఒలింపిక్స్ రోజుల్లో టోక్యోలో ఉన్న కెనడా వైద్యుడు రాబర్ట్ జాక్సన్ ఈ విద్య నేర్చుకుని టొరంటోకు తీసుకెళ్ళాడు. అక్కణ్ణుంచి అది ఉత్తర అమెరికా అంతా పాకింది.

ఈలోగా సూది మరో దారిలో మోకాలిని చేరింది. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు కార్టిజోన్‌ను కీళ్ళవాతం రోగులకు ఇచ్చి చూశాడు. మంచం దిగలేనివాళ్ళు లేచి నడిచారు. 1950లో నోబెల్ బహుమతీ వచ్చింది. కానీ ఒళ్ళంతా పాకే ఆ మందు దుష్ఫలితాలు త్వరలోనే బయటపడ్డాయి. నొప్పి ఉన్న చోటికే మందు పంపితే పోలేదా అనుకున్నాడు ఫిలడెల్ఫియాకు చెందిన జోసెఫ్ హాలండర్. కార్టిజోన్ కీలులో పెద్దగా పనిచేయలేదు, హైడ్రోకార్టిజోన్ పనిచేసింది. 1951లో ఆయన ఆ ఫలితాలు ప్రచురించాడు. ఇవాళ వాపెక్కి, వేడెక్కిన మోకాలికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు మూలం అదే. నొప్పి తగ్గేది కొన్ని వారాలే, కానీ ఆ కొన్ని వారాలు నిజం.

అరిగిన మోకాలిలో వాపు ఒక్కటే సమస్య కాదు కదా. కీలులోని జిగట ద్రవం పలచబడుతుంది. ఆ ద్రవానికి జిగటనిచ్చే హయలురోనిక్ ఆమ్లాన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంట్లోంచి వేరుచేశారు. తర్వాత ఎండ్రె బలాజ్ దాన్ని కోడిపుంజుల జుట్టు నుంచి శుద్ధి చేసే పద్ధతి సాధించాడు. మొదట పందెపు గుర్రాల కీళ్ళకు, కంటి ఆపరేషన్లకు వాడారు. 1997లో అమెరికాలో మనుషుల మోకాళ్ళకు అనుమతి దొరికింది. మన దగ్గర ‘గుజ్జు ఇంజెక్షన్’ అని చెప్పుకునేది ఇదే. తలుపు బందుకు నూనె వేసినట్టు అన్న ఊహ అందరికీ నచ్చింది. కానీ పరీక్షల్లో కనబడిన మేలు చాలా చిన్నది. అమెరికా ఎముకల వైద్యుల సంఘం 2013లో దాన్ని సిఫారసు చేయలేమని తేల్చింది.

ఈ చరిత్రలో నేను ఎక్కువసేపు ఆగి చూసే చోటు హ్యూస్టన్. అక్కడ ఒక పరీక్ష జరిగేనాటికి ఆర్థ్రోస్కోపీతో అరిగిన మోకాలిని సెలైన్‌తో కడగడం, గరుకు అంచులు చెక్కి నునుపు చేయడం అమెరికాలో మామూలైపోయింది. చేయించుకున్నవాళ్ళలో చాలామంది బాగుందన్నారు. సర్జన్ బ్రూస్ మోస్లీ, వైద్యురాలు నెల్డా రే బృందం మాజీ సైనికుల ఆసుపత్రిలో 180 మందిని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకు కడగడం, ఒక గుంపుకు చెక్కడం, ఇంకో గుంపుకు ఉత్తుత్తి ఆపరేషన్. ఆ మూడో గుంపు వాళ్ళకు మత్తు ఇచ్చారు, చర్మం మీద మూడు చిన్న కోతలు పెట్టారు. గొట్టం మాత్రం లోపలికి పోలేదు. సర్జన్ పరికరాలు అడుగుతూనే ఉన్నాడు, మోకాలిని అటూ ఇటూ కదిపాడు, కడుగుతున్న చప్పుడు వచ్చేలా సెలైన్ చల్లించాడు. ఎవరికి ఏది చేయాలో ఆపరేషన్ గదిలో కవరు విప్పేదాకా ఆయనకూ తెలియదు. తమకు ఉత్తుత్తిదే జరగవచ్చని తెలుసునని రోగులు ముందుగా తమ చేతులతో రాసిచ్చారు. అలా రాసిచ్చిన వాళ్ళకు వైద్యం ఋణపడి ఉంది.

2002లో ఫలితం వెలువడింది. రెండేళ్ళ వరకూ ఏ దశలోనూ అసలు ఆపరేషన్ ఉత్తుత్తిదాన్ని మించలేదు. మూడు గుంపులకూ కొంత ఊరట దొరికింది, అదీ ఇంచుమించు ఒకే పాళ్ళలో. అంటే రోగులు అబద్ధమాడలేదు, సర్జన్లూ మోసగించలేదు. ఊరట మటుకు చెక్కడం వల్ల రాలేదు. 2008లో కెనడాలో జరిగిన మరో పరీక్షా ఇదే చెప్పింది. వృత్తి మాత్రం తొందరగా మారలేదు. 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం అరిగిన మోకాళ్ళకు ఆర్థ్రోస్కోపీ వద్దని గట్టిగా రాయాల్సి వచ్చింది. ఇన్నేళ్ళు పట్టడం నాకు బాధ కలిగించే విషయం.

అదే జల్లెడ మిగతా సూదుల మీదా పడింది. 2017లోనే అమెరికాలో 140 మందికి రెండేళ్ళపాటు మూడు నెలలకోసారి స్టెరాయిడ్ లేదా సెలైన్ ఇచ్చి చూస్తే, నొప్పిలో తేడా రాలేదు సరికదా, స్టెరాయిడ్ తీసుకున్నవాళ్ళ మృదులాస్థి ఎక్కువ పలచబడింది. రోగి రక్తం నుంచే ప్లేట్‌లెట్లు వేరుచేసి ఎక్కించే పి.ఆర్.పి.ని 2021లో ఆస్ట్రేలియాలో 288 మంది మీద సెలైన్‌తో పోల్చారు. ఏడాది తర్వాత నొప్పిలో గానీ మృదులాస్థిలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఆపరేషన్ లేకుండా గుజ్జు మళ్ళీ పెరుగుతుందని చెప్పే ప్రకటన చూసి డబ్బు కట్టేముందు మన పెద్దవాళ్ళకు ఎవరైనా ఈ సంగతి చెప్పాలి.

ఇక్కడే ఆలోచన దారి మళ్ళింది. మృదులాస్థికి నరాలు లేవు. నొప్పిపెట్టేది దాని కింది ఎముక, కీలు పొర, చుట్టూ ఉన్న సంచి. ఎక్స్‌రేలో ఎముకలు ఒరుసుకుంటున్నా హాయిగా నడిచేవాళ్ళున్నారు, కొద్దిపాటి అరుగుదలకే మెట్లెక్కలేనివాళ్ళూ ఉన్నారు. మరమ్మతు మానేసి నొప్పి కబురునే ఆపితే? 2011లో కొరియాలో 38 మంది మీద జరిగిన పరీక్షలో మోకాలి చుట్టూ ఉన్న మూడు సన్నని నరాలను రేడియోతరంగాల వేడితో మాడ్చారు; మూడు నెలలకు ఉత్తుత్తి చికిత్స పొందినవాళ్ళకన్నా వీళ్ళకు బాగా తగ్గింది. నరం మళ్ళీ పెరుగుతుంది కాబట్టి ఊరట శాశ్వతం కాదు. అయినా గుండెజబ్బు వల్లో, వయసు వల్లో కీలుమార్పిడికి తట్టుకోలేనివాళ్ళకు ఇది అసలైన ఆసరా.

ఇప్పుడు కథ మళ్ళీ జపాన్‌కే చేరింది. వాచిన కీలు పొరలో కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి, వాటి వెంబడే నరాలూ పెరుగుతాయి. అక్కడి వైద్యుడు యూజీ ఒకునో తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టం పంపి ఆ పిచ్చి నాళాలను సూక్ష్మమైన రేణువులతో మూసే పద్ధతి మొదలుపెట్టాడు. 2015లో 14 మంది రోగుల ఫలితాలు ప్రచురించాడు. నొప్పి బాగా తగ్గింది. అందులో పోల్చి చూసే గుంపు లేదు. తర్వాత ఉత్తుత్తి చికిత్సతో పోల్చిన చిన్న పరీక్షలు జరిగాయి. వాటి ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు.