బలపరీక్షయు, మందుల పరీక్షయు

శ్రీకాకుళము వెళ్లు రైలు ప్రయాణికులు దిగవలసిన స్టేషను ఆమదాలవలసలో ఉన్నది. ఆ పట్టణమును ఆనుకొనిన ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి, నీలంశెట్టి అప్పన్న గారి వద్ద బరువులెత్తుట నేర్చి, 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేతగా నిలిచినారు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో కాంస్య పతకము సాధించినారు. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తము 240 కిలోలు. ఒలింపిక్ పతకము పొందిన మొదటి భారత మహిళ ఆమెయే.

ఇది చాలమంది ఎరిగిన కథ. ఎరుగవలసినది మరియొకటి కలదు. వేదిక మీద బరువు ఎత్తుటతో పోటీ ముగియదు. చిన్న సీసాలో మూత్రము పట్టి ఇచ్చి, అది నిర్దోషమని తేలిన పిమ్మటనే పతకము నిలుచును. అదే సిడ్నీలో బల్గేరియా లిఫ్టర్లు ముగ్గురు పతకములు పొంది, ఈ పరీక్షలో ఓడి, వానిని తిరిగి ఇచ్చివేయవలసి వచ్చినది. వారిలో ఒకరు స్త్రీల 48 కిలోల తరగతిలో స్వర్ణము గెలిచినవారు.

మందుతో బలము తెచ్చుకొనుట ఒక్క బరువుల పోటీకే పట్టిన జాడ్యము కాదు. ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో 1966లోనే, ఇంగ్లండులో, ఆటగాండ్రను పరీక్షించుట ఆరంభమైనది. మరుసటి సంవత్సరము టామ్ సింప్సన్ అను సైకిలు వీరుడు ఫ్రాన్సులో కొండ ఎక్కుచు కూలి మరణించగా, అతని శరీరములో ఆంఫెటమిన్ కనబడినది. 1968 నుండి ఒలింపిక్సులోను పరీక్షలు వచ్చినవి. 1994లో ఫుట్‌బాల్ ప్రపంచము కొలిచిన మారడోనా అంతటివాడు ఎఫెడ్రిన్ కారణముగా పోటీల నడుమ నుండి తొలగింపబడినాడు. కండను పెంచు స్టెరాయిడ్లను పట్టు పద్ధతి 1976లో మాంట్రియల్‌లో అమలులోనికి రాగా, దొరికినవారిలో అత్యధికులు లిఫ్టర్లే.

ఈ మందులలో కొన్ని బలమునే ఈయవు. మూత్రమును అధికము చేయు మందులు ఒంటిలోని నీటిని వెడలగొట్టి, మనిషిని తక్కువ బరువు తరగతిలో ఇముడునట్లు చేయును. మూత్రమును పలుచన చేసి ఇతర మందుల జాడను మరుగుపరచును. రక్తపుపోటుకు వైద్యుడిచ్చు మాత్రయే పోటీలో మోసమగుట ఇట్లు.

విజయనగరము జిల్లా నెల్లిమర్ల మండలములో కొండవెలగాడ అను గ్రామమున్నది. ఆ ఊరి బిడ్డ మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో 53 కిలోల తరగతిలో 188 కిలోలెత్తి మూడవ స్థానమున నిలిచినారు. మొదటి స్థానము నైజీరియాకు చెందిన 16 ఏండ్ల బాలికది. ఆమె మూత్రములో అట్టి మందులే రెండు కనబడినవి. సీసాను రెండు భాగములు చేయుదురు గదా. రెండవ భాగమును లండనులో పరీక్షించగా అదియే ఫలితము. స్వర్ణము పాపువా న్యూ గినీ వనితకు, రజతము సంతోషికి చెందినవి. నాల్గవ స్థానమందున్న స్వాతి సింగ్‌కు కాంస్యము లభించినది.

న్యాయము జరిగినది, కాని ఆ బాలిక మాట? పదునారేండ్ల పిల్ల మందుల పేర్లు తానై వెదకి తెచ్చుకొన్నదని నమ్ముట కష్టము. అయినను శరీరములో దొరికిన మందుకు క్రీడాకారులే బాధ్యులని నియమము. ఇచ్చిన చేయి చాటుననే ఉండవచ్చును. శిక్ష మాత్రము మింగిన నోటికి తప్పదు.

మనకును ఈ మచ్చ అంటినది. మల్లీశ్వరి కడపటిసారి పోటీ చేసిన 2004 ఏథెన్స్ ఒలింపిక్సులోనే మన మహిళా లిఫ్టర్లు ఇద్దరు పరీక్షలో పట్టుబడినారు. అట్టి వేళ తప్పు చేయనివారిని సైతము లోకము అనుమానపు చూపు చూచును. తరువాత 2005లో జాతీయ మాదకద్రవ్య నిరోధక సంస్థ, నాడా, ఏర్పడినది. 2022లో చట్టము వచ్చినది.

కాని చట్టము ఢిల్లీలో ఉండును. పొడి డబ్బా ఊరి వ్యాయామశాలకు వచ్చును. మన జిల్లాల తలిదండ్రులు బిడ్డను బరువుల వద్దకు పంపునప్పుడు, ఎంత ఎత్తినదని అడుగుటతో పాటు ఏమి తినుచున్నది, ఏ సూది వేయించుకొన్నది అనియు అడుగవలెను. పరీక్షను అవమానముగా తలపరాదు. గ్లాస్గోలో కొండవెలగాడ బిడ్డకు న్యాయముగా రావలసిన రజతమును ఇప్పించిన సాక్షి ఆ సీసాయే.