సలేశ్వరంలో నీళ్ల సప్పుడు

సలేశ్వరం పోయిన తొలిసారి నాకు తొమ్మిదేండ్లు. చైత్ర పున్నమి, నిప్పులు చెరిగే ఎండ. అవ్వ నా చేయి పట్టుకుని నల్లమల లోయలోకి దింపింది. అడుగున గుండం, పైనుంచి జారే నీటి ధార. నా తల తడిపి, "కండ్లు మూసుకో బిడ్డా. ఏమీ అడగకు, నీళ్ల సప్పుడు విను" అన్నది.

అక్కడి గుహలో లింగమయ్యకు పూజారులు చెంచు ఆదివాసులే. ఈ అమ్రాబాద్ గుట్టల్లోనే 1940లో ఆస్ట్రియా పరిశోధకుడు హైమన్‌డార్ఫ్ వాళ్ల నడుమ తిరిగి, 1943లో పుస్తకం తెచ్చిండు. అప్పుడిది మహబూబ్‌నగర్ జిల్లా. 2016 నుంచి నాగర్‌కర్నూల్. ఇప్పుడు పులుల అభయారణ్యం కాబట్టి పున్నమికి కొద్ది రోజులే దారి తెరుస్తరు.

మిగతా ఏడాదంతా ఆ సప్పుడు అడవిది, చెంచులది. అక్కడ ఒక్క ప్లాస్టిక్ కవరు పడేసినా అవ్వ మాట దాటినట్టే నాకు.