పప్పుల ఖాతాలో లేని చెనక్కాయ

ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ దగ్గర 1961 నుంచీ దేశాలవారీగా ఒక పద్దు ఉంది. మనిషికి రోజుకు ఎంత తిండి అందుబాటులో ఉంది, అందులో మాంసకృత్తులెన్ని, కొవ్వు ఎంత అన్నది ఆ పద్దు చెబుతుంది. పప్పుల వరసలో చేరాలంటే అక్కడ రెండు షరతులు. గింజ ఎండాక కోసిన పంటై ఉండాలి, నూనె కోసం పండించింది కాకూడదు.

చిత్తూరు జిల్లాకు ఈ రెండు షరతులూ గిట్టవు. చలికాలం సంతల్లో గుట్టలు పోసే అనపకాయలు పచ్చివి కాబట్టి కూరగాయల్లోకి పోతాయి. సంక్రాంతికి ఇంటిల్లిపాదీ కూచుని పితికిన పప్పుతో కూర వండుకున్నా, ఈ పద్దులో అది పప్పు తిన్నట్టు కాదు. ఇక చెనక్కాయ, అంటే వేరుశనగ. వేళ్లకు బుడిపెలు కట్టించుకుని గాలిలోని నత్రజనిని వాడుకునే అచ్చమైన పప్పుజాతి మొక్క. అయినా అది నూనెగింజల వరసలో ఉంటుంది.

అంతర్జాతీయ పద్దుకు అదేమంత తప్పు కాకపోవచ్చు. మన కంచానికి మాత్రం సరిపోదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చూడండి. ఈ సంస్థ మూలాలు కూనూరులో ఉన్నాయి. అక్కడుండగానే 1937లో పోషకాహార శాస్త్రవేత్త ఐక్‌రాయిడ్ మన తిండిగింజల్లో ఏముందో తేల్చి చిన్న పుస్తకంగా తెచ్చాడు. వంద గ్రాముల శనగపప్పులో కొవ్వు 5 గ్రాముల పైచిలుకు. కందిపప్పులో 2 గ్రాముల లోపు. ఉలవల్లో అర గ్రాము, లేదా ఆ పైన కాస్త. చెనగ్గింజల్లోనో, 40 గ్రాములు.

ఇప్పుడు దేశం లెక్కకు వద్దాం. 1961లో మనిషికి రోజుకు 69 గ్రాముల పప్పు అందేది. 2001 నాటికి అది 30 గ్రాములయింది. అందులో సగం శనగలే అనుకుని నేను కట్టిన లెక్క ప్రకారం, పప్పుల నుంచి వచ్చే కొవ్వు రెండు గ్రాముల చిల్లర నుంచి ఒక్క గ్రాముకు దిగింది. మొదట్లోనే అది అర టీస్పూను నూనె, ఆపైన అందులోనూ సగం. కారణం పెద్ద రహస్యమేం కాదు. 1960-61లో దేశంలో పండిన పప్పులు కోటీ 27 లక్షల టన్నులు. నలభై ఏళ్ల తర్వాత కోటీ 11 లక్షలు. ఈలోగా జనం 44 కోట్ల నుంచి 102 కోట్లయ్యారు. నీటివసతి ఉన్న నేలలు గోధుమకూ వరికీ పోయాయి. పప్పులకు వానమీద ఆధారపడ్డ మెట్టే మిగిలింది.

మా వైపు కొవ్వు ఎప్పుడూ పప్పుకుండలోంచి రాలేదు. రాగిసంగటి పక్కన ఊరిబిండి ఉండాలి. వేయించిన చెనగ్గింజలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ వేసి రోట్లో నూరే పచ్చడి అది. మనిషికి 20 గ్రాముల గింజలు పడ్డాయనుకున్నా 8 గ్రాముల కొవ్వు. 2001 నాటి సగటు భారతీయుడికి వారం రోజుల పప్పులో దొరికే కొవ్వు ఆ ఒక్క పూట పచ్చడిలో ఉంది! (తిరుమల లడ్డు సంగతి ఎవరైనా ఎత్తుతారేమో. శనగపిండి సరే, అందులో కొవ్వు భారం మోసేది నెయ్యి. పైగా శనగ నల్లరేగడి పంట, మన ఎర్రనేలలది కాదు.)

అయితే ఈ ఊరిబిండి తాతలనాటిది అనుకుంటాం గానీ, తాతల తాతలు చెనక్కాయను ఇంతగా ఎరగరు. వాళ్లవి ఉలవలు, అనుములు, అలసందలు, కంది. దక్షిణ అమెరికాలో పుట్టిన మొక్క ఇది, సముద్రాలు దాటి వచ్చింది. తమిళంలో దీన్ని ఇప్పటికీ మణిలాకొట్టై అంటారు, ఫిలిప్పీన్స్ రేవు పేరుతో. ఆర్కాటు సీమలో ఇది పొలాలకు పొలాలు ఆక్రమించింది మాత్రం పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో, ఫ్రాన్స్‌లోని మార్సెయ్ సబ్బుల, నూనెల మిల్లుల కోసం. సరుకు ఎక్కే రేవు పుదుచ్చేరి, ఫ్రెంచివాళ్లదే. ఆ శతాబ్దం చివర ధర్మవరం నుంచి కదిరి, పీలేరు, పాకాల, చిత్తూరు, కాట్పాడి మీదుగా విల్లుపురం దాకా మీటర్‌గేజి రైలు పడింది. విల్లుపురం నుంచి పుదుచ్చేరికి అప్పటికే లైనుంది. పటం తీసి చూస్తే ఆ పట్టాలు చెనక్కాయ నేలల గుండా గీసినట్టే ఉంటాయి.

చిత్తూరు జిల్లా అప్పటికి లేదు. ఉత్తరార్కాటు నుంచి కొన్ని తాలూకాలు, కడప నుంచి మదనపల్లె, వాయల్పాడు కలిపి 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. ఆనాటికే 1890లలో తెగులుతో పంట దెబ్బతినడం, మారిషస్ వంటి చోట్ల నుంచి కొత్త విత్తనం తెప్పించుకుని మళ్లీ లేవడం అయిపోయాయి. 1940లో తిండివనం పరిశోధన కేంద్రం విడుదల చేసిన టీఎంవీ-2 రకం కూడా మన పొరుగుదే. చిత్తూరు పొలిమేరకు అవతలున్న గుడియాత్తం గుత్తిరకం నుంచి ఏరిన విత్తనం. కొన్ని దశాబ్దాలు రాయలసీమను ఏలింది. తర్వాత కదిరి కేంద్రం కదిరి-3, కదిరి-6 రకాలు, తిరుపతి పరిశోధన కేంద్రం నారాయణి, ధరణి వంటివి ఇచ్చాయి.

ఎగుమతికని వచ్చిన పంట ఇంట్లో ఎలా నిలిచింది? ఏదీ వృథా పోనందువల్ల అంటాను. గింజ గానుగకు పోతే నూనె ఇంటికి, చెక్క పాడిగొడ్డుకు. కాయలు కొట్టాక కట్టె ఎండాకాలం మేత. వాన మొహం చాటేసి ఊడలు దిగని ఏడు కూడా కట్టె మిగిలేది.

1986లో కేంద్రం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. రెండేళ్లకే, 1988-89లో, దేశంలో వేరుశనగ సాగు 85 లక్షల హెక్టార్లకు చేరింది. ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. 1994లో పామోలిన్‌ను లైసెన్సు లేకుండా దిగుమతి చేసుకోవచ్చన్నారు. మలేషియా, ఇండోనేషియా తోటల నూనె ముందు మెట్టరైతు గింజ ధరలో నిలవలేకపోయింది. ఈమధ్య సాగు అరవై లక్షల హెక్టార్లు దాటడమే అరుదు.

2013 ఉగాదికి రాష్ట్ర ప్రభుత్వం 'అమ్మహస్తం' పథకం మొదలుపెట్టింది. 185 రూపాయలకు తొమ్మిది సరుకులున్న సంచి. అందులో కిలో కందిపప్పు, దాని పక్కనే పామాయిల్ ప్యాకెట్. అప్పటి ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్ రెడ్డిది నాడు చిత్తూరు జిల్లాలోనే ఉన్న పీలేరు నియోజకవర్గం. చెనక్కాయ సీమ మనిషి పంచిన సంచిలో చెనగనూనె లేదు. ఆ ధరకు అది రాదు కూడా.

పోయింది చెనక్కాయ ఒక్కటే అయితే పద్దులో ఒక వరస తగ్గినట్టు అనుకోవచ్చు. కానీ ఇక్కడ పప్పులు వేరే చేలో పండలేదు. ఏడు సాళ్ల చెనక్కాయకు ఒక సాలు కంది, మధ్యమధ్య అనుములో అలసందలో వేసేవాళ్లు. చెనక్కాయ పీకేశాక కంది చేలోనే నిలబడి, చలికాలం దాటాక చేతికొచ్చేది. ఆ గింజలు అమ్మకానికి పెద్దగా పోవు, ఇంటి కుండలకే. మదనపల్లె వైపు టమోటా, తవణంపల్లె, బంగారుపాళెం వైపు మామిడి వచ్చిన పొలాల్లో చెనక్కాయతోపాటు ఆ కంది సాలూ ఆగిపోయింది. అక్కడి రైతులు ఇప్పుడు కందిపప్పును కిలోల లెక్కన అంగట్లో కొంటున్నారు.